సలోమి టీచర్ వాపసు తీసుకోని కేసు

నంద్యాల కొత్త జిల్లా అయిన ఏడాది నన్ను సైబర్ విభాగంలో ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఐటీ చట్టం కింద కట్టిన కేసును ఇన్‌స్పెక్టర్‌ కంటే కింది స్థాయి అధికారి దర్యాప్తు చేయకూడదు. అలా ఆళ్లగడ్డలో నమోదైన ఒక కేసు నా దగ్గరికి వచ్చింది.

ఫిర్యాదు ఇచ్చింది సలోమి, అక్కడి ఒక ప్రైవేటు బడిలో టీచర్. ఎవరో సోషల్ మీడియాలో మారుపేరుతో ఖాతా తెరిచి, చర్చిలో ఆమె దిగిన ఫొటోకు బూతు రాతలు తగిలించి, పిల్లల తల్లిదండ్రులకు పంపుతున్నారు. బడివాళ్లు ఆమెను కొన్నాళ్లు రావద్దన్నారు.

చాలామంది భయంతో అన్నీ తుడిచేశాక మా దగ్గరికి వస్తారు. ఈమె మాత్రం ఖాతా గుర్తు కనిపించేలా ప్రతిదీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచింది.

"ఇంట్లో అందరూ తుడిచేయమంటాండారు సార్. తుడిచేస్తే వాడు మీకు యాడ దొరుకుతాడు?" అంది.

ఖాతా నడిపే సంస్థకు నోటీసు ఇచ్చి ఐపీ నంబరు తెప్పించాం. ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి పంపారో దాన్నిబట్టి తెలుస్తుంది. అది ఆమె బడి ఎదుటి జిరాక్స్ షాపుది. యజమాని సుధాకర్ నలభై దాటిన మనిషి. ప్రశ్నపత్రాల కోసం ఆమె వెళితే కుర్చీ వేసి, తలెత్తకుండా మాట్లాడేవాడట. స్వాధీనం చేసుకున్న అతని ఫోన్‌లోనే ఆ ఖాతా ఉంది.

శిక్ష ఏడేళ్ల లోపు నేరం కాబట్టి అరెస్టు చేయకుండా, నోటీసు ఇచ్చి విచారణకు పిలిపించాం. ఆమె మీద పగేమీ లేదన్నాడు. మొదట ఒక మాట రాశాడట. ఎవరూ పట్టుకోకపోయేసరికి ఇంకా ఘాటుగా రాశాడట.

"నా పేరు ల్యాకపాయె, మొగం ల్యాకపాయె. ఎవురికి తెలుస్తాదిలే అనుకుంటి సార్" అన్నాడు.

అతని వెంట వచ్చిన పెద్దలు, వాంగ్మూలం ఇవ్వడానికి అదే రోజు వచ్చిన సలోమిని రాజీ పడమని బతిమాలారు. ఆమె నన్ను అడిగి, అతను రాసిన రాతల ప్రింటు కాగితం ఒకటి అతని ముందు పెట్టింది.

"నువ్వు రాసిందే గదప్పా. నా మొగం చూస్తా ఒక్క లైను చదువు. కేసు వాపసు తీసుకుంటా."

అతను ఆమె వైపు తలెత్తకుండానే కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. పెద్దలే లేచి, ఇంక అడగమమ్మా అని బయటికి నడిచారు.

ఆమె కేసు వదల్లేదని తెలిసి, ఉయ్యాలవాడ వైపు నుంచి మరో ఇద్దరు ఆడవాళ్లు అదే ఖాతా మీద ఫిర్యాదు తెచ్చారు. కోర్టులో అతనికి శిక్ష పడింది. బడివాళ్లు సలోమిని మళ్లీ పిలిచారు.

ఆమెకు నేను రుణపడి ఉన్నాను. తననెవరూ చూడటం లేదనే నమ్మకమే ఇలాంటివాళ్ల ధైర్యమని ఆ రోజు కళ్లారా చూశాను. తర్వాత నా కింద పనిచేసిన ఎస్సైలకు మొదట చెప్పింది ఒకటే: ఫిర్యాదు తెచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టి పూర్తిగా వినండి, మన దర్యాప్తు నిలబడేది ఆ మనిషి తెగువ మీదే.