నూతిలో మొదటి గంప

పెద్దతల్లి తన నూతిలో మొదటి గంప మట్టి తన చేత్తోనే పోసింది. తలస్నానం చేసి, గట్టు మీద పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, కళ్ళు మూసుకుని పోసింది. రెండో గంప కూలీలు పోశారు. మిగతాది ట్రాక్టరు చూసుకుంది.

మందస వైపు నుయ్యి పూడ్చడమంటే ఆవుని చంపినంత పాపమని లెక్క. పూడ్చక తప్పకపోతే ఆ ఇంటివాళ్ళే మొదటి గంప పొయ్యాలి. బయటివాడు పోస్తే పాపం ఊరంతటికీ చుట్టుకుంటుందట. నేను దేశం చాలా తిరిగాను. గుజరాత్‌లో ఏడంతస్తుల దిగుడుబావులు చూశాను, ఎడారిలో వాననీళ్ళకి తాళం వేసుకునేవాళ్ళనీ చూశాను. నీటిని పూడ్చినవాడికి మంచి జరుగుతుందని ఎక్కడా వినలేదు. మన పాతవాళ్ళు మనిషికి ఏడు రకాల సంతానమన్నారు. కన్నబిడ్డ అందులో ఒకటి, తవ్వించిన చెరువు ఇంకొకటి. నుయ్యి ఆ చెరువుకి చెల్లెలి వరసే కదా. పెద్దతల్లి అన్నది ఆవిడ పేరే గాని, పిల్లలు లేరు. ఆవిడతో ఒకసారి ఈ మాటంటే నవ్వేసింది.

"బిడ్డయితే ఎదురు సెప్పును అన్నయ్యా. నూతికి నోరేదీ?"

మందస నుంచి సముద్రం వైపు పోయే దారిలో, జీడితోటలు అయిపోయి కొబ్బరి మొదలయ్యే చోట వాళ్ళ ఊరు. నాకు ఆ ఊరు తెలిసింది దాహం వల్లే. తొంభై ఏడో ఎనిమిదో, ఒక ఎండాకాలం సుమ్మాదేవి స్టేషన్లో ప్యాసింజరు దిగి, బస్సు కోసం ఆగే ఓపిక లేక తోటల్లోపడి నడిచాను. వీధి మొగలో నుయ్యి కనిపించింది. గట్టు నిండా తాళ్ళు. ఇంటికో తాడు, ఎవరిది వాళ్ళు చుట్టి పెట్టుకునేవారు. మిగతా నూతుల్లో నీళ్ళు కాస్త ఉప్పన, ఇది ఒక్కటే తియ్యన. పెద్దతల్లి మామగారు తవ్వించిన నుయ్యి అది. ఆవిడ పెనిమిటి దానయ్య దగ్గర ఒకటే నియమం: తోడుకోవడానికి ఎవరూ అడగక్కర్లేదు.

"ఎవులు బాబూ నువ్వు? ఏ ఊరు?" అని ఆయన అడిగింది నేను రెండో చెంబు తాగాకే.

అప్పటినుంచి ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వెళ్ళేవాణ్ణి. దానయ్య తోట చూపించేవాడు. తొంభై తొమ్మిది తుఫానుకి పడిన కొబ్బరిచెట్లని వేలితో చూపిస్తూ, చచ్చిపోయిన చుట్టాల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. ఆ తోటల సీమ పేరు ఉద్దానం, ఉద్యానం అన్న మాటే అలా అయిందంటారు. నిజమో కాదో గాని, ఆ నీడలో నిలబడితే నమ్మబుద్ధవుతుంది.

ఆ తోటల్లోకే కిడ్నీ జబ్బు వచ్చింది. ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలీదు, పేరు మాత్రం ఆ ఏళ్ళలోనే అందరి నోటా పడింది. మందు కొట్టని, చుట్ట కాల్చని, పొద్దస్తమానం పనిచేసే మనుషులకి కాళ్ళు పొంగేవి, అన్నం సయించేది కాదు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చేసరికి సగం మనిషి అయ్యేవారు. ఎందుకొస్తోందంటే, నీళ్ళన్నారు, పురుగుమందన్నారు, ఉప్పుచేప అన్నారు. ఇదీ అని తేల్చినవాడు లేడు.

సింహాచలం ఆ వీధిలోనే ఉంటాడు, దానయ్యకి తమ్ముడి వరస. అతని భార్య అసిరమ్మ మొదట పోయింది. మరుసటి ఏడు వానల్లో దానయ్య పోయాడు. వీధివాళ్ళందరి కడవల్లోనూ ఉన్నది ఒకే నీళ్ళు. ఎవరూ పెద్దతల్లి మొహం మీద ఏమీ అనలేదు. ఒకరోజు తెల్లారేసరికి గట్టు మీద సింహాచలం తాడు లేదు. ఆ తర్వాత ఒక్కొక్కటే పోయాయి.

అప్పుడు ప్రమోదిని వచ్చింది.

ఆ అమ్మాయి పరాయిది కాదు. వాళ్ళ ఇల్లు పెద్దతల్లి పెరటి వెనకే. తల్లీ తండ్రీ పలాసలో జీడిపప్పు బట్టీల పనికి పోతే, బడి నుంచి వచ్చి తిన్న అన్నం పెద్దతల్లి పెట్టిందే. పెద్దతల్లి కసిరితే భయపడేది, దానయ్య వెనకేసుకొస్తే నవ్వేది. డిగ్రీ అయ్యాక గ్రామాల అభివృద్ధికి పనిచేసే ఒక సంస్థలో ఉద్యోగం దొరికింది. భుజాన సంచీ, చేతిలో రెండు సీసాలు. ఆ నెలంతా నేను అక్కడే ఉన్నాను.

"పిన్నీ, ఈ నీలు పరీక్షకి పంపుతాం. సెడ్డదో మంచిదో తేలిపోద్ది. నెల తిరక్కుండా నానే వచ్చి సెప్తాను."

"సెడ్డదంటే?"

"పూడ్చీద్దాం."

"మంచిదంటేనో?"

"కొత్త గిలక ఎట్టిద్దాం."

పెద్దతల్లి సీసాలు తీసుకుని తనే నింపింది. మూత బిగిస్తూ అంది: "సెడ్డదంటే మీ బాబాయిని నానే సంపీసినట్టు కదే గుంటా."

"అలగనకు పిన్నీ. ముందు తేలనీ."

నెల తిరిగేలోగా సంస్థ పెద్దలు జీపులో వచ్చి బడి వరండాలో మీటింగు పెట్టారు. ఊరికి మంచినీళ్ళ ప్లాంటు ఇస్తామన్నారు. యంత్రం వాళ్ళది, స్థలం ఊరివాళ్ళది. దాన్ని ప్రజల భాగస్వామ్యం అంటారట. ఆ రోజుల్లో ఈ మాట సాంబారులో చింతపండులా ప్రతిదాంట్లోనూ పడేది. రోడ్లు, చెరువుగట్లు, శ్రమదానాలు అన్నిటికీ అదే పులుపు. భాగస్వామ్యంలో ఎవరి భాగం ఎంత అని అడిగిన మనిషిని మాత్రం నేనెక్కడా చూడలేదు.

స్థలం ఎవరిస్తారన్నారు. రోడ్డు పక్కనే గౌరీశంకర్‌కి ఖాళీ జాగా ఉంది. ఊళ్ళో సగం తోటలు ఆ కుటుంబానివే, కమిటీకి అధ్యక్షుడూ అతనే.

"మా అన్నదమ్ముల వాటాలు ఇంకా తేల్లేదండి. తేలితే నేను కాదంటానా?" అన్నాడు గౌరీశంకర్. తర్వాత గొంతు తగ్గించి, "నూతి జాగా ఉంది కదా. ఎలాగూ ఆ నీళ్ళు ఎవరూ ముట్టడం లేదు," అన్నాడు.

అందరూ పెద్దతల్లి వైపు తిరిగారు. ఆవిడ ప్రమోదిని వైపు తిరిగింది.

"సీసాల మాట ఏటయ్యిందే?"

ప్రమోదిని ఒక్క క్షణం సంస్థ పెద్దల్ని చూసింది. "వచ్చినట్టే పిన్నీ," అంది. "మంచి కబురు కాదనుకో."

పెద్దతల్లి ఇంకేమీ అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, "అయితే మొదటి గంప నానే పొయ్యాల. మంచి రోజు సూసి సెప్పండి," అంది. చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టేంత సంగతి అందులో ఏముందో నాకిప్పటికీ తెలీదు.

ప్లాంటు ఒక్క ఎండాకాలం ఆడింది. ఆ తర్వాత లోపల జల్లెడలాంటిదేదో పాడైంది. బాగుచేసేవాడికి కబురు పెడితే, ఆ ప్రాజెక్టు అయిపోయింది, ఇప్పుడు కొత్త ప్రాజెక్టు ఆడపిల్లల చదువు మీద, అన్నారు. గౌరీశంకర్ షెడ్డుకి తాళం వేసి జీడిపిక్కల బస్తాలు వేసుకున్నాడు. ఊరివాళ్ళు అర కోసు నడిచి పక్క ఊరి పంపు దగ్గర కడవలతో నిలబడుతున్నారు. జబ్బు మాత్రం ఆగలేదు. ఆ నూతి నీళ్ళు నోట పెట్టనివాళ్ళకీ, వేరే ఊళ్ళవాళ్ళకీ వస్తూనే ఉంది.

పెద్దతల్లిని ఇప్పుడు నూతి పెద్దతల్లి అంటున్నారు. దానయ్య ఉన్నప్పుడూ అలాగే అనేవారు. మాట అదే, అనే తీరు వేరు. పెళ్ళిళ్ళకి పిలుస్తారు. చెయ్యి కడుక్కునేందుకు చెంబు ఆవిడ అందిస్తే, వద్దులే పిన్నీ అంటారు.

నేను వెళ్ళినప్పుడల్లా ఆవిడది ఒకటే అడగడం.

"ఆ సీసాలు ఏటయ్యాయో కనుక్కో అన్నయ్యా. నువ్వు ఊళ్ళు తిరిగీవాడివి. నీలు మంచివంటే, నుయ్యి పూడ్సిన పాపం నాది. సెడ్డవంటే, మనుసుల్ని సంపిన పాపం నాది. ఏదో ఒకటి నెత్తినెట్టండి, మోత్తాను. రెండూ మొయ్యలేకపోతన్నాను."

"ప్రమోదిని రావడం లేదా?"

"దానికి సానా పనులు."

ప్రమోదిని నాకు రెండు వేల ఆరులో టెక్కలిలో దొరికింది. బస్టాండు దగ్గర మేడ మీద ఆఫీసు, గోడకి నవ్వుతున్న పల్లెటూరి ఆడవాళ్ళ ఫొటోలు. కింద హోటల్లో టీ తాగుతూ అడిగాను. తప్పించుకుంటుందనుకున్నాను, తప్పించుకోలేదు. కొందరు ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తుంటారు.

"ఆ సీసాలు ఆఫీసు కిటికీలో ఉండిపోయాయి మావయ్యగారూ. నేను రోజూ గుర్తుచేశాను. చివరికి నేనే ల్యాబుకి పట్టికెళ్ళి ఇస్తే, ఇవి పాతబడిపోయాయి, పనికిరావు, మళ్ళీ పట్టుకురమ్మన్నారు."

"తీసుకెళ్ళలేదా?"

"అప్పటికి నుయ్యి లేదు."

టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "మార్చిలోగా జాగా తేలకపోతే ప్లాంటు ఇంకో ఊరికి పోతాదన్నారు. మా ఊరికి ఒక్క మంచి పని చేద్దామనుకున్నాను. ప్లాంటు నడిచుంటే పిన్ని ఈ మాట అడిగేదే కాదు."

"నడవలేదు కదమ్మా. ఈ మాట నేను మోసుకెళ్ళను. నువ్వే వచ్చి చెప్పు."

వస్తుందనుకోలేదు. ఆదివారం వచ్చింది. నేను అప్పటికే పెద్దతల్లి అరుగు మీద ఉన్నాను. ఆవిడ పెరట్లో నేలలో పాతిన పారకి కొబ్బరికాయ గుచ్చి పీచు డొక్క ఒలుస్తోంది. ప్రమోదిని నిలబడే మొత్తం చెప్పేసింది. పెద్దతల్లి చేతిలోని కాయ పూర్తిగా ఒలిచి పక్కన పెట్టాకగాని తల ఎత్తలేదు.

"అయితే సూడనే లేదు."

"లేదు పిన్నీ."

"సూడకుండానే వచ్చినట్టే అన్నావు."

ప్రమోదిని భుజం మీది సంచీ దించి కింద పెట్టింది.

"ఆలు పరాయోలు. అడిగినా ఆలని నమ్మకపోదును. నిన్ను సూసి పోసినానే మట్టి." గొంతు పెంచలేదు. "నీకు అన్నం ఎట్టిన సెయ్యే అది."

"పిన్నీ, నాను..."

"ఏడవకు. ఏడిస్తే నాకు జాలేత్తాది, జాలి పడ్డానికి నాకిప్పుడు తీరిక లేదు. పద. ఇప్పుడు నాకు సెప్పినావు కదా, ఇదే మాట ఈ వీధిలో గుమ్మం గుమ్మానికీ సెప్పు. పరీచ్చ అవలేదని సెప్పు. ఆ నుయ్యి మనుసుల్ని తినీసిందని ఎవులికీ తెలవదని సెప్పు. అంతే."

ముగ్గురం బయల్దేరాం. మొదటి ఇంట్లో పార్వతి అనే కోడలు ఉంది. విని, అలాగా అని తలూపి, లోపల పొయ్యి మీద కూరుందని వెళ్ళిపోయింది. రెండోది సింహాచలం ఇల్లు. అతను వాకిట్లో మంచం వాల్చుకుని ఉన్నాడు. ప్రమోదిని చెప్పినదంతా కదలకుండా విన్నాడు.

"సరే. ఇన్నాను. ఇక్కడితో ఒగ్గీ వదినా."

"ఒగ్గీయడం ఏటి? అందరికన్నా ముందు తాడు తీసింది నువ్వే కాదేటి?"

"తీసినాను. తీసిన కాడినుంచే నాకు నిద్దర పట్టింది." సింహాచలం లేచి కూర్చున్నాడు. "పిల్లలు అడిగినారు, అమ్మెందుకు పోయిందని. ఆ నీలు తినీసినాయి, ఇప్పుడా నీలు లేవు, మీకేటీ అవదని సెప్పుకున్నాను. ఆలు నమ్మినారు. ఇప్పుడు అది కాదని సెబితే, మరేటని అడుగుతారు. ఏటని సెప్పమంటావు? ఏ గాలి పీల్సొద్దనాల? ఏ కూడు తినొద్దనాల?"

"అందుకని నా నుయ్యే అయుండాలా?"

సింహాచలం ఆవిడ కేసి చూడలేకపోయాడు. కోపం కాదది. చెడ్డవాడు కాడు, దానయ్య పాడె మోసినవాడు.

"నీ నుయ్యి ఎలగూ పోయింది కదా వదినా," అన్నాడు.

సంస్థవాళ్ళది మోసం అనొచ్చు. ప్రమోదినిది తొందర అనొచ్చు. సింహాచలానిది ఏమనాలి? తన పిల్లల ధైర్యానికి వదిన మంచిపేరుని తాకట్టు పెట్టాడు. ఆ తాకట్టు విడిపించుకునే స్తోమత అతనికి లేదు.

వీధిలోకి వచ్చేసరికి పొద్దుగూకుతోంది. ప్రమోదిని చేతి గడియారం చూసుకుంది. "పిన్నీ, పలాస బస్సు పోతే మళ్ళీ లేదు. మిగతా ఇళ్ళకి వచ్చే ఆదివారం వస్తాను."

"నువ్వు రాకు," అంది పెద్దతల్లి. "ఎల్లు. బస్సు పోద్ది."

ఆ అమ్మాయి నాలుగడుగులు వేసి ఆగింది, వెనక్కి చూసింది, వెళ్ళిపోయింది. నేను వెంట వస్తానన్నా పెద్దతల్లి చెయ్యి అడ్డంపెట్టింది. మూడో ఇంటి గుమ్మం దగ్గరికి ఒక్కతే నడిచింది. తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల మాటలు వినిపిస్తున్నాయి. గొళ్ళెం తట్టింది. మాటలు ఆగిపోయాయి.

"ఎవులు?"

"నానే. పెద్దతల్లిని."

ఎవరూ రాలేదు. లోపల దీపం వెలిగించిన వెలుగు తలుపు సందులోంచి కనబడింది, ఆ వెలుగులో ఒక నీడ వచ్చి తలుపు వెనకే ఆగింది. పెద్దతల్లి కొంగు సర్దుకుని, ఆ మూసిన తలుపుకే చెప్పడం మొదలుపెట్టింది.