కిరికిరి అనుకున్న మాట

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో కౌసల్యమ్మ దోసెల బండి పెట్టి చాలా ఏళ్లయింది. నల్లగొండ పక్క పల్లె నుంచి భర్త భిక్షపతితో వచ్చింది. అతను ఎల్బీనగర్, మీర్‌పేట్ మధ్య ఆటో తోలుతుంటే ఆమె పెనం ముందు నిలబడింది. మనిషి తీరే కాస్త వేరు. ఒక కాలికి ఎర్ర చెప్పు, ఇంకో కాలికి నీలం చెప్పు వేసుకునేది. గుడి బయట విడిస్తే అలాంటివి ఎవరూ ఎత్తుకుపోరని ఆమె ధీమా. పరీక్ష పోయి ముఖం వేలాడేసుకుని వచ్చిన పిల్లలకు అడగకుండానే ఇంకో దోసె వేసి, "తిని ఏడువు" అనేది.

రోజూ వచ్చేవాళ్లలో మృదుల ఒకతె. రాజమండ్రి వైపు అమ్మాయి, హాస్టల్లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతోంది. సకల జనుల సమ్మె మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆమె కౌసల్యమ్మను చూసి నవ్వుతూ, పక్కనున్న స్నేహితురాలితో "షీ ఈజ్ సో క్విర్కీ" అంది.

కౌసల్యమ్మ చెవికి అది "కిరికిరి" అని వినబడింది. కిరికిరి మనిషంటే ఊరికే పేచీలు పెట్టే మనిషి. అసలే ఆంధ్రా, తెలంగాణ అంటూ చిన్న మాట కూడా గుచ్చుకునే రోజులు. బండి దగ్గర ఏ పిల్లనూ నీది ఏ ఊరని అడగని తనని పట్టుకుని అంత మాటంటుందా? ఆ రోజు చట్నీలో ఉప్పు రెండుసార్లు వేసింది. మర్నాటి నుంచి మృదుల చేతికి ప్లేటు ఇచ్చేదే గాని, పలకరించడం మానేసింది.

సమ్మెతో క్లాసులు ఆగి, సందు ఖాళీ అయిన ఒక పూట మృదుల ఒంటరిగా వచ్చింది.

"నా మీద కోపమా ఆంటీ?"

"కోపమెందుకు బిడ్డా. కిరికిరి మనిషితోని నీకేం పని?"

"అలా అని ఎవరన్నారు?"

"నువ్వే. గా దినం నీ దోస్తుకు చెప్పినవ్ గద."

మృదులకు అప్పుడు వెలిగింది. స్టూలు మీద కూలబడింది.

"అయ్యో, కిరికిరి కాదాంటీ. క్విర్కీ అన్నాను. ఇంగ్లీషు మాట."

"అంటే ఏంది?"

"అందరిలా ఉండరు, వాళ్ల పద్ధతి వాళ్లది. కాస్త వింతగా ఉంటుంది, కానీ చూస్తే ముచ్చటేస్తుంది. అలాంటి వాళ్లని అంటారు."

"పిచ్చిదన్నట్టు గాదు గద?"

"కాదాంటీ. నచ్చిన మనిషినే అలా అంటాం. ఇల్లయినా, బట్టలైనా తమాషాగా ఉంటే వాటినీ అనచ్చు."

కౌసల్యమ్మకు గుండెల మీంచి బండ దించినట్టయింది. అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుని, పెనం మీద పిండి పోసింది.

"మరి మా ఆయన్ని అనొచ్చా? పొద్దుందాక ఒక్క మాట మాట్లాడడు."

"ఊరికే మాట్లాడకపోతే అనం. ఆటోతో కబుర్లు చెప్తే అనచ్చు."

"చెప్తడు బిడ్డా. పొద్దుగాల స్టార్ట్ కాకుంటే దాన్ని బతిలాడుతడు."

ఇద్దరూ దోసె మాడే దాకా నవ్వారు.

ఇంటికెళ్లాక భిక్షపతికి జరిగిందంతా చెప్పింది. అతను చివరిదాకా విని, "మంచి మాటనేనా?" అని మాత్రం అడిగాడు.

"మంచిదే," అంటూ కౌసల్యమ్మ ఇంకాస్త అన్నం వడ్డించుకుని కడుపు నిండా తింది.