ఏసుపాదం మాస్టారూ, తిరిగొచ్చే విమానమూ

మొన్న మా పక్కింటివాళ్ళు మామిడిపళ్ళ పెట్టె విప్పుతుంటే వరిగడ్డి వాసన గుమ్మం దాటి లోపలికొచ్చింది. నోరూరాల్సింది పోయి నాకు బెదురు పుట్టింది. ఈ వయసులో కూడా ఆ వాసన తగిలితే నేను తిరువూరులో వక్తృత్వ పోటీ మైకు ముందు నిలబడ్డ పదో తరగతి పిల్లనైపోతాను. ఆ పోటీకి నేను సాధన చేసింది మా నాన్న మామిడికాయలు సర్దే పాకలో. కాయల్లేని రోజుల్లో అక్కడ వరిగడ్డీ, ఖాళీ పెట్టెలూ, వాటి మధ్య ఒక స్టూలు మీద ఏసుపాదం మాస్టారూ ఉండేవారు.

ఆయన మాకు సైన్సు చెప్పేవారు. ఎ.కొండూరు మనిషి. బక్కగా ఉండేవారు, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినపడేది. టెంపరరీ పోస్టు కావడంతో ఏటా ఏప్రిల్లో తీసేసి జూన్‌లో మళ్ళీ పిలిచేవారు. "ఎండాకాలం మాకు ఆకలి వెయ్యదనుకుంటారమ్మా" అని నవ్వేవారు. ఆ ఏడు మా స్కూలు కరస్పాండెంటు గారు అందరి ముందూ ఒక మాట అన్నారు: పోటీలో షీల్డు మన స్కూలుకొస్తే ఖాళీగా ఉన్న పర్మనెంటు పోస్టు ఏసుపాదానిదే. మాట్లాడబోయేది నేను. అంటే ఆయన అన్నం నా నాలుక మీద పెట్టారన్నమాట.

రాకెట్టులా పారేయకుండా మళ్ళీ మళ్ళీ వాడుకునే విమానం వస్తే అంతరిక్ష ప్రయాణం చవకవుతుందా, కాదా అన్నది పోటీ విషయం. అమెరికావాళ్ళు అలాంటి విమానాన్ని ఇంకో పెద్ద విమానం వీపు మీంచి వదిలి, నేలకు దింపి చూస్తున్నారని పేపర్లో వచ్చిన రోజులవి. చీటీ తీస్తే నాకు 'అవుతుంది' అనే పక్షం వచ్చింది. అందరూ సంబరపడ్డారు, మాస్టారు తప్ప. ఎదుటివాడి పక్షం మాట్లాడి తనను ఒప్పించాకే మన పక్షం ఎత్తుకోవాలన్నది ఆయన పద్ధతి. నాకు ఒళ్ళు మండేది.

"రాకెట్టును ఒక్కసారి వాడి సముద్రంలో పారేస్తున్నారు మాస్టారూ. బస్సును విజయవాడ పంపించి అక్కడే పారేస్తే టికెట్టు ఎంతవుద్ది? తిరిగొస్తే చవకే గదండీ" అన్నాను ఒకరోజు, గెలిచేశాననుకుని.

"బాగుంది. మరి ఈ పెట్టెల సంగతేంటి?" అన్నారు.

నేను వెనక్కి తిరిగి పెట్టెల వైపు చూశాను. ఆ ముందేడు మా నాన్న వెదురుబుట్టలు మానేసి, తిరిగొస్తాయి గదా అని చెక్కపెట్టెలు చేయించాడు. తిరిగొచ్చాయి, మేకులూడి, చెక్కలు విరిగి. వడ్రంగి కూలీ, ఖాళీ పెట్టెలకు లారీ కిరాయీ కలిపి చూసుకుంటే పారేసే బుట్టలే నయమని నాన్న తల పట్టుకున్నాడు.

"ఆ విమానం మంటల్లోంచి దిగుద్దమ్మా. వేడి తగలకుండా ఒళ్ళంతా పలకలు అంటిస్తారు. దిగిన ప్రతిసారీ ఏది వదులైందో ఒక్కోటీ చూసుకోవాలి. వానలకు ముందు మీ ఇంటి పెంకులు సర్దడానికే ఎన్నాళ్ళు పడుద్దో తెలుసుగా. మరి అది ఏడాదికి ఎన్నిసార్లు ఎగరగలదు?"

"పేపర్లో లేదండీ."

"అయితే నీకు తెలీదు. నాకూ తెలీదు. నీ మాటలో చిల్లెక్కడుందో అందరికంటే ముందు నీకు తెలియాలి. దాచడానికి కాదు."

ఆయన భార్య కరుణమ్మ గారు అప్పుడు నెలలు నిండి ఉన్నారు. ఒకసారి నాకు మజ్జిగ ఇస్తూ, "పుట్టే బిడ్డకు ఊరంటూ ఒకటి ఉండాలి గదమ్మా. ఏటా సామాన్లు కట్టలేకపోతున్నా" అన్నారు. నేను మజ్జిగ గ్లాసు సగంలోనే కింద పెట్టేశాను.

పోటీ రోజు పొద్దున్న మాస్టారు నన్ను వరండాలో పక్కకు పిలిచారు. "ఒకవేళ ఎవరైనా ఆ ఎన్నిసార్లు అనే సంగతి అడిగితే..." అని ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఏం లేదు. మంచినీళ్ళు తాగి ఎక్కు" అని వెళ్ళిపోయారు. అబద్ధం చెప్పమని అడగబోయి అడగలేకపోయిన మనిషిని నేను అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

బాగానే మాట్లాడాను. బస్సు మాటకు చప్పట్లు మోగాయి. ముందు వరసలో కరస్పాండెంటు గారు మీసం దువ్వుకుంటున్నారు. చివర్లో, కాలేజీలో ఫిజిక్సు చెప్పే పెద్దాయన, న్యాయనిర్ణేత, ఒక్క ప్రశ్న వేశారు. "చవకవుతుందని ఖచ్చితంగా చెప్పగలవా? అవునో కాదో చెప్పు చాలు."

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. నేల చూస్తున్నారు. 'అవునండీ' అంటే అయిపోయేది. రెండు చేతులతో మైకు పట్టుకున్నాను.

"తెలీదండీ. ఎక్కువసార్లు ఎగరగలిగితే చవకవుతుంది. కొద్దిసార్లే అయితే పారేసే రాకెట్టే నయం. ఎన్నిసార్లు ఎగరగలదో ఇంకా ఎవరికీ తెలీదు."

"మరి ఇంతసేపూ ఎందుకు వాదించావు?"

హాలంతా నవ్వింది. "చేసి చూడకపోతే ఎప్పటికీ తెలీదు కాబట్టండీ" అన్నాను. ఆ మాట ఎవరికీ వినపడినట్టు లేదు.

షీల్డు విస్సన్నపేట అబ్బాయికి పోయింది. అతనికీ తెలియదు, కానీ 'కాదు' అని బల్ల గుద్ది చెప్పాడు. మాస్టారు నా దగ్గరకొచ్చి తల మీద చెయ్యి వేశారు. "సరిగ్గా చెప్పావమ్మా" అన్నారు. ఏప్రిల్లో ఎప్పటిలాగే ఆయన్ని తీసేశారు, షీల్డు పోయిన కోపంలో జూన్‌లో మళ్ళీ పిలవలేదు. రెడ్డిగూడెం దగ్గర చిన్న బళ్ళో చేరారు. సామాన్లు బండికెత్తే రోజు నేను వెళ్తే కరుణమ్మ గారు చంటిబిడ్డను భుజాన వేసుకుని నన్ను చూశారు. "నిజమే చెప్పావంట గదమ్మా" అన్నారు, అంతే. కోపమైతే తట్టుకునేదాన్ని. ఆమె గొంతులో కోపం లేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు ఆ విమానం నిజంగానే అంతరిక్షానికి ఎగిరింది, తిరిగొచ్చింది. వచ్చిన ప్రతిసారీ నెలల తరబడి బాగుచేసుకోవాల్సి వచ్చిందని, అనుకున్నంత చవక కాలేదని చదివాను. ఇప్పుడు వేరేవాళ్ళు వేరే దారిలో ఆ పనే చేస్తున్నారు. నా జవాబు తప్పు కాలేదని ఒక్కసారి కూడా సంతోషం కలగలేదు.

ఇంజనీరునై చెరువు కట్టల పనులు చూశాను. ఈ కట్ట ఎన్నేళ్ళు నిలుస్తుందో ఖచ్చితంగా చెప్పమని పైవాళ్ళు అడిగినప్పుడు, తెలియకపోతే తెలియదనే అన్నాను. నా ధైర్యాన్ని మెచ్చుకున్నవాళ్ళున్నారు. వాళ్ళకు తెలియనిదొకటుంది. తెలియదు అన్న మాటకు ఎవరో ఒకరు ఖరీదు కట్టాలి. మొదటిసారి నేనా మాట అన్నప్పుడు కట్టింది నేను కాదు. అందుకే ఇప్పటికీ ఆ మాట అనేముందు చుట్టూ ఒకసారి చూస్తాను, దీని బరువు ఎవరి మీద పడుతుందా అని. చూసి, అయినా అంటాను.