ఉతికి వచ్చిన చొక్కా

మా పిన్ని పంతొమ్మిదేళ్లుగా అంతరిక్ష స్టేషన్లో బట్టలు ఉతుకుతోంది. ఈ మాట చెబితే కింద భూమ్మీద వాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ఇక్కడ అందరూ తెల్ల సూట్లు వేసుకుని నక్షత్రాలు చూస్తూ కూర్చుంటారనుకుంటారు కాబోలు. ఆ సూట్ల కింద చెమట పట్టదా? రెండువందల నలభై మంది, మనిషికి మూడేసి చొక్కాలు, అందరికీ కలిపి ఒకటే ఉతికే గది. స్టేషన్ బండిచక్రంలా తిరుగుతూ ఉంటుంది కాబట్టి అందరి కాళ్లూ నేలమీదే ఉంటాయి. ఆఫీసర్ల కళ్లు మాత్రం నెత్తిమీద ఉంటాయి.

నేను పిన్ని దగ్గర పనికి చేరి ఆరేళ్లయింది. ఆవిడ నాకు మొట్టమొదట నేర్పింది జేబులు తడమడం. తలుపులు తెరిచే కార్డును జేబులో మరిచిపోయి బట్టలు పడేసే మహానుభావులకు ఇక్కడ కొదవ లేదు. యంత్రంలో పడి కార్డు విరిగితే కింద నుంచి కొత్తది రావడానికి మూడు నెలలు పడుతుంది. అందుకని పిన్ని గుమ్మం పక్కన ఒక మేకు కొట్టింది. దొరికిన కార్డులన్నీ దానికి తగిలించేది, ఎవరిది వాళ్లు వచ్చి తీసుకునేవారు. కార్డు ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలని రూలు ఉంది. ఆ రూలు రాసినవాడు జన్మలో ఎవరి జేబూ తడిమి ఉండడు.

పిన్నికి మనుషులు మొహాలకన్నా కాలర్లతో ఎక్కువ గుర్తు. ఎవరికి నిద్ర పట్టడం లేదో, ఎవరు చాటుగా ఏడ్చి చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నారో చెప్పేది. డ్యూటీ ఆఫీసరు చొక్కాను మాత్రం రెండు వేళ్లతో పట్టుకునేది. టీ మరకలు, గ్రీజు, తిన్న చేతులు తుడుచుకున్న గుర్తులు, నల్లగా అట్టకట్టిన కాలర్. తొమ్మిదేళ్లలో ఆ మహారాజు ఒక్కసారైనా ఒక్క మరక మీద చుక్క నీళ్లు పోసి ఎరగడు. ఇస్త్రీ మడత వంకరగా ఉందని గుమ్మంలో నిలబడి అరవడానికి మాత్రం ముందుండేవాడు.

ఒకరోజు షిఫ్టు మారే వేళకు స్టోర్ గదిలో స్టోర్ కీపరు తల పగిలి చచ్చి పడి ఉన్నాడు. మంచి మనిషి. గుండీలు కుట్టే దారం అడిగితే ఒకటికి రెండు రీళ్లు ఇచ్చేవాడు. పిన్ని ఆయన కోసం నిజంగానే ఏడ్చింది.

విచారణ సెక్యూరిటీ రోబో చేతికి వచ్చింది. దానికి ఎనిమిది కళ్లు, ఆవులిస్తే పేగులు లెక్కపెడుతుంది అని మేనేజరు వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. మేము దాన్ని డబ్బా అనేవాళ్లం. డబ్బా మా ఉతుకు బంద్ చేసి యంత్రానికి సీలు వేసింది. తర్వాత తలుపుల లెక్క చూసింది. స్టోర్ తలుపు ఆఖరిసారి తెరిచింది మా బాబాయి కార్డుతో. అంతే, విచారణ అయిపోయింది.

బాబాయి, అంటే పిన్ని భర్త, గాలి గొట్టాలు శుభ్రం చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆ వేళకు పాత చొక్కా వేసుకుని గొట్టంలో పాకుతూ దుమ్ము తీస్తున్నాడు. ఆయన యూనిఫాం మా దగ్గర మాసిన బట్టల్లో ఉంది, కార్డు మేకుకి ఉంది. గొట్టంలో కెమెరా లేదు, తోడు మనిషి లేడు. ఇదంతా విని డబ్బా కార్డు రూలు చదివి వినిపించింది. రూలు ఉంది కాబట్టి కార్డు మేకుకి ఉండే అవకాశం లేదట. బాబాయిని ఖాళీ కేబిన్లో పెట్టి తాళం వేసింది. నాలుగో రోజు వచ్చే ఓడలో రిపోర్టుతో సహా కిందికి పంపేస్తారు. యంత్రం రాసిన రిపోర్టును కాదన్న కోర్టు ఇంతవరకు లేదు. ఓడ ఎక్కితే ఆయన పని అయిపోయినట్టే.

"నా చేత్తోనే తగిలించానే," అంది పిన్ని మేకు వైపు చూసి. రెండు రోజులు అదే మాట, తిండి లేదు, నిద్ర లేదు.

మూడో రోజు డబ్బా మాసిన బట్టలు చూడటానికి వచ్చింది. మరక ఉన్న బట్టనల్లా తన కడుపులోని పెట్టెలో పెట్టి పరీక్ష చేసింది. గ్రీజు, గ్రీజు, టీ, గ్రీజు. డ్యూటీ ఆఫీసరు సంచీలోంచి ఒక చొక్కా తీసి, ఎనిమిది కళ్లతోనూ చూసి, శుభ్రంగా ఉందని పక్కన పడేసింది.

పిన్ని దాన్ని అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ముక్కిపోయిన వాసన, దాని కింద స్నానం సబ్బు వాసన. తడిబట్టను సంచీలో కుక్కితే వచ్చే వాసన అది.

"ఇది పరీక్ష చెయ్యి నాయనా," అంది.

మరక ఉన్న బట్టలనే పరీక్షించాలని నియమం ఉందని డబ్బా చెప్పింది.

"తొమ్మిదేళ్లుగా ఈయన చొక్కా మరక లేకుండా రాలేదు. ఉతికిన చొక్కాని ఉతకమని ఎవరైనా పంపుతారా?"

"శుభ్రత నేరం కాదు," అంది డబ్బా.

నాకు ఒళ్లు మండింది. హత్య జరిగిన రోజు పొద్దున ఆయన గుమ్మంలో, మేకు పక్కనే నిలబడి మడతల గురించి అరిచి వెళ్లాడని చెప్పాను. ఎప్పుడూ బంట్రోతు తెచ్చే సంచీని షిఫ్టు మారాక స్వయంగా మోసుకొచ్చి, మళ్లీ ఆ మేకు పక్కనే నిలబడ్డాడని కూడా చెప్పాను. అప్పుడే, ఇవాళ పొద్దు ఎటు పొడిచిందో అనుకున్నాను. ఇక్కడ రోజుకు పదహారుసార్లు పొడుస్తుంది లెండి. కేబిన్లో ఆరేయడానికి తీగ ఉండదు, పారేద్దామంటే మూడు చొక్కాల్లో ఒకటి తగ్గిందని డబ్బాకే కబురు వెళ్తుంది. అందుకే తడిది తడిగానే మా నెత్తిన పడేశాడు. డబ్బా అంతా విని, ఊహలు అని రాసుకుంది.

పిన్ని ఇక వాదించలేదు. బల్ల మీద నా టీ గ్లాసు ఉంది, చల్లారిపోయింది. దాన్ని తీసుకుని, చొక్కా వీపు మీద తీరిగ్గా ఒంపింది.

"ఇప్పుడు మరక ఉంది. చెయ్యి," అంది.

ఎంతైనా రూలు రూలే కదా. డబ్బా చొక్కాను కడుపులో పెట్టుకుంది. వీపు మీద టీ అంది. కుడిచేతి పట్టీ కుట్టు లోపల రక్తం అంది. స్టోర్ కీపరుది.

"రెండు మడతల కుట్టులోది వదలాలంటే బ్రష్ పెట్టి రుద్దాలి. ఆ పని ఆయనకెక్కడ తెలుసు," అంది పిన్ని.

ఆఫీసరు గంటసేపు నీళ్లు నమిలి చివరికి ఒప్పుకున్నాడు. స్టోర్లో ఉన్న ఊపిరి మాస్కులు పరీక్ష చేయకుండానే చేసినట్టు సంతకాలు పెడుతున్నాడట. స్టోర్ కీపరు పైకి రాస్తానన్నాడట. ఒక మాస్కు తీసి పరీక్షించే ఓపిక లేని మనిషికి ఇనపపానా ఎత్తే ఓపిక మాత్రం వచ్చింది.

మీటింగు పెట్టి డబ్బా తెలివిని మేనేజరు పావుగంట పొగిడాడు. పిన్నికి రెండు మెమోలు వచ్చాయి. ఒకటి ఆఫీసరు యూనిఫాం మీద టీ పోసినందుకు, రెండోది మేకు కొట్టినందుకు. ఇద్దరు మనుషులు వచ్చి ఆ మేకు పీకి, అందుకు నాతో సంతకం కూడా పెట్టించుకుని వెళ్లారు. సిగ్గుండాలి.

ఆ సాయంత్రమే బాబాయిని వదిలారు. తిన్నగా మా గదికి వచ్చాడు. ఒంటిమీద ఆ పాత చొక్కాయే, గొట్టం దుమ్ముతో నల్లగా ఉంది. డబ్బా తిరిగి ఇచ్చిన కార్డు చేతిలో పట్టుకుని, ఎప్పటి అలవాటు కొద్దీ గోడ వైపు చెయ్యి చాపాడు. అక్కడ బొక్క తప్ప ఏమీ లేదు.

పిన్ని కార్డు అందుకుని ఆయన జేబులో పెట్టి గుండీ పెట్టింది. పెట్టిన చెయ్యి తీయలేదు.

"చొక్కా విప్పుతానే, బాగా మాసిపోయింది," అన్నాడు బాబాయి.

"మాసిపోనివ్వండి," అని పిన్ని అప్పుడు ఏడ్చింది.