బొటనవేలంత జాగా

దయ్యాలను నమ్మేవాళ్లను ఎగతాళి చేయడంలో మా ఊళ్లో నన్ను మించినవాడు లేడు. కొత్త ఇళ్లకు కట్టే దిష్టిబొమ్మలకు కోరలు, నాలుకలు గీసేది నేనే. గుమ్మడికాయ మీద నేను పెట్టిన మీసం చూసి పిల్లలు జడుసుకొని ఏడ్చేవాళ్లు. నా చేత్తో గీసిన కోరలకు నేనే భయపడితే ఇక నా బతుకేం కావాలి? ఆ ధీమా ఇప్పటికీ పోలేదు. ఎవరైనా ఫలానా చింతచెట్టు మీద దయ్యముందంటే ఇవాళ కూడా నవ్వుతాను. ఈ ఒక్క సంగతి మాత్రం పక్కన పెట్టుకొని నవ్వుతాను.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో జరిగింది ఇది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆఫీసులు చాలావరకు గుడారాల్లో నడిచేవి. ప్రతి గుడారానికీ ఒక బోర్డు, ప్రతి బోర్డుకూ ఒక పెయింటరు కావాల్సి వచ్చింది. నాది ఎడమచేతివాటం. చిన్నప్పుడు అందుకు బడిలో తన్నులు తిన్నాను గానీ, అదే ఎడమచేత్తో రాసిన బోర్డుల కింద పెద్ద పెద్ద ఆఫీసర్లు కూర్చునేవాళ్లు. అందుకని నేను కొంచెం నేలకు జానెడు ఎత్తున నడిచేవాణ్ణన్న మాట నిజమే.

ఎంత పనున్నా ఏడాదికోసారి పీర్ల పండక్కి గండికోట దగ్గరి మా ఊరికి వచ్చేవాణ్ణి. పేరుకు సాయిబుల పండగే గానీ, మా వైపు అది ఊరందరిదీ. చుట్టుపక్కల పల్లెల నుంచి వేషగాళ్లు వచ్చేవాళ్లు. పులులు, ఎలుగుబంట్లు, ఫకీర్లు, ఎవరికి తోచిన వేషం వాళ్లది. కొందరిది మొక్కు, కొందరిది సరదా. ఎవరి పులి బాగుందని జనం పంతాలు కూడా పోయేవాళ్లు.

పీర్లను నిలిపే చావిడి ముందు నేను చాప పరిచి, అద్దం మీద గీసిన పటాలు అమ్మేవాణ్ణి. నాదీ ఒక వేషమే. ఖాకీ నిక్కరు, దొర టోపీ, బుర్రమీసం, చేతిలో చెక్క తుపాకి. పులులు ఆడేటప్పుడు వాటి ఎదుట గంతులేసే వేటగాడు ఒకడు ఉండాలి, అది నేను. మిగతా పొద్దంతా పటం కొనకుండా పోయేవాడికి తుపాకి గురిపెట్టేవాణ్ణి. నవ్వి ఆగేవాడు, ఆగితే కొనేవాడు.

మా తమ్ముడు ఓబులేసుది పులివేషం. వాడికి ఐదేళ్లప్పుడు జ్వరమొచ్చి మనిషి దక్కడనుకున్నారు. బిడ్డ బతికితే పెద్దయ్యాక మూడేళ్లు పులివేషం కట్టిస్తానని మా అమ్మ పీర్లకు మొక్కుకుంది. రెండేళ్లు అయిపోయాయి. అది మూడో ఏడు, వాడికి పద్దెనిమిది. పులి అన్న మాటేగానీ వాడంత పిరికివాణ్ణి నేను చూడలేదు. వాణ్ణి చూస్తే ఊళ్లో కుక్కలన్నీ ఒక్కటయ్యేవి. ఎదురింటి ఎర్రకుక్క పుణ్యమా అని వాడు అంగడికి పోవాలన్నా చుట్టు తిరిగి వెనక సందులోంచి పోయేవాడు. ఆటలో కూడా అంతే, లెక్క పెట్టుకుంటూ అడుగులు వేసేవాడు.

మొదటి రెండేళ్లూ వాడికి రంగులు వేసింది హుసేన్ తాత. నాకు కుంచె పట్టడం నేర్పింది కూడా ఆయనే. ఆ ఏడు ఆయనకు చెయ్యి వణుకు వచ్చింది, ఆ పని నాకు అప్పజెప్పాడు.

ఈ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పాలి. రంగు పెట్టక ముందే తోక కుట్టిన తోలు పట్టీని నడుముకు బిగిస్తాం. తడి రంగు మీద బిగిస్తే అంతా గీకుకుపోతుంది కాబట్టి ఇది ముందే కావాలి. అందువల్ల పట్టీ కింద నాలుగు వేళ్ల వెడల్పున ఒళ్లు ఒళ్లులాగే మిగిలిపోతుంది. తర్వాత వార్నీషు కలిపిన పసుపు రంగు ఒళ్లంతా పూసి, ఆరాక నల్లచారలు తీస్తాం.

హుసేన్ తాతకు ఇంకో అలవాటు ఉండేది. మెడ వెనక, జుట్టు కింద, బొటనవేలంత జాగా రంగు పెట్టకుండా వదిలేవాడు. ఎందుకు తాతా అని చిన్నప్పుడు అడిగితే, "లోపల ఉండేది మనిషి గదప్పా. వాడు బయటికొచ్చేకి తోవ ఉండల్ల" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

అంతకు ముందటి ఏడు జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒక పెయింటరు ఆ ఖాళీ చూసి, "ఏమప్పా, రంగు చాలకపోయిందా? నేనిస్తునే గదా" అని హుసేన్ తాతను పదిమందిలో వెక్కిరించాడు. ఆ మాట నాకు ఏడాది పొడుగునా చేపముల్లులాగా గొంతులోనే ఉండిపోయింది. ఈసారి నా పులిని చూసి వాడి నోరు మూతపడాలనుకున్నాను. తెల్లవారుజామున మొదలుపెట్టి ఆరు గంటలు పనిచేశాను. అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ గీయలేదు. చివర్లో మెడ దగ్గరికి వచ్చి ఒక్క క్షణం ఆగాను. తర్వాత ఆ బొటనవేలంత జాగాలో కూడా పసుపు పెట్టి, ఆరాక చార లాగేశాను.

మేము బయలుదేరుతుంటే మా అమ్మ గడప దగ్గర నిలబడి అంది, "ఎట్ల తీసకపోతాండావో అట్లే తీసకరా నాయనా. ఇదే ఆఖరు." ఆఖరన్నది తప్ప, ప్రతి ఏడూ అనే మాటే. నేను టోపీ తీసి దొరలాగా సలాము చేశాను.

అది పీర్లు ఏటికి పోయే రోజు, పండగకు ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడు గంటలు, మంచి ఎండ. నా పులి చుట్టూ జనం మూగారు. జమ్మలమడుగు పెయింటరు కూడా వచ్చి చూసి, ఏమీ అనకుండా పోయాడు. నాకు కడుపు నిండింది.

అప్పటిదాకా మామూలుగానే ఆడిన ఓబులేసు ఉన్నట్టుండి ఆట మానేశాడు. తప్పెట్లు మోగుతూనే ఉన్నాయి. వాడు వంగి, చేతులు నేలకు ఆనించి నడవడం మొదలుపెట్టాడు. గంతులు లేవు, ఊపు లేదు, ఊరికే నడక. మొదట జనం ఈలలు వేశారు. కాసేపటికి ఈలలు ఆగిపోయాయి. తప్పెట్లవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నేను ఎదురుగా పోయి తుపాకి ఎత్తి గంతులేశాను. వాడు నన్ను పట్టించుకోకుండా పక్కనుంచి పోయాడు. పేరు పెట్టి పిలిచాను, తిరగలేదు. వాడు పోతున్నది ఎర్రకుక్క ఉండే వీధిలోంచే. ఆ కుక్క బండి కిందికి దూరి, తోక ముడుచుకొని, కిక్కురుమనకుండా పడుకుంది. ఊరి చివర మేకల మంద ఒకటి వస్తోంది. వాడు ఇంకా ఇంత దూరంలో ఉండగానే మేకలన్నీ చెల్లాచెదరై కంపచెట్లలో పడ్డాయి. కాపరి కర్ర వదిలేసి వాటి వెంట పరిగెత్తాడు.

పులివేషాలకు మా వైపు మేకలు బెదరవు. ఏటా చూస్తూనే ఉంటాయి.

ఊరు దాటాక వాడు కోట వైపు మళ్లాడు. అక్కడ పెన్నేరు కొండను చీల్చుకుంటూ పోతుంది. అంచున నిలబడి చూస్తే కింద నీళ్లు కాలువంత కనిపిస్తాయి. వాడు బండల మీద ఎక్కడా తడబడలేదు. నేను బూట్లు జారుతూ, మీసం ఊడిపోతూ, చెక్క తుపాకి పట్టుకొని వాడి వెంట పరిగెత్తాను. చూసేవాళ్లకు నవ్వొచ్చే ఉంటుంది. నాకు మాత్రం మా అమ్మ మాట ఒక్కటే చెవుల్లో మోగుతోంది.

చిట్టచివరి బండ మీద వాడు కూర్చున్నాడు. మనిషి కూర్చున్నట్టు కాదు. కిందికి, నీళ్ల వైపు చూస్తున్నాడు. నేను దగ్గరికి పోయేసరికి తల తిప్పి నన్ను కాదు, నా చేతిలో తుపాకిని చూశాడు. చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు. వాడి వెనక ఇక బండ లేదు.

గుర్రుమనలేదు, పళ్లు చూపలేదు. నేనెవరో వాడికి తెలియదు, అంతే. చిన్నప్పటి నుంచి నా పక్కలో పడుకొని పెరిగినవాడు. భయమంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

వెనక అలికిడయింది. ఎవరిదో సైకిలు వెనక కూర్చొని హుసేన్ తాత వచ్చాడు. ఆయన చేతిలో కిరసనాయిల్లో తడిపిన గుడ్డ ఉంది. నన్ను ఒక్కటే అడిగాడు.

"మెడ ఎనక ఇడిసినావా?"

నేను తల దించుకున్నాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గుడ్డ నా చేతిలో పెట్టి, "ఆ తుపాకి పారెయ్. మూసింది నువ్వు, నువ్వే తెరవల్ల. నేను పోతే కాదు" అన్నాడు.

తుపాకి విసిరేశాను. టోపీ తీసేశాను. పాక్కుంటూ పోయాను. వాడు నా ఎడమచేతినే చూస్తున్నాడు. ఆ చేతిని మెల్లగా వాడి మెడ వెనక్కి తీసుకుపోయి బొటనవేలితో గుడ్డ నొక్కి తుడిచాను. వార్నీషు అంత తేలిగ్గా వదలదు. మూడుసార్లు తుడిచాను. మూడోసారికి వేలి కింద ఒంటి చర్మం తగిలింది, వేడిగా ఉంది.

వాడు నా మీదికి ఒరిగిపోయాడు. "న్నా, దప్పికైతాంది" అన్నాడు. తర్వాత చుట్టూ చూసి, "యాడ ఉండాం మనం?" అని అడిగాడు.

నేను వాణ్ణి పట్టుకొని ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఇంతవరకూ జరిగినదానికి నా దగ్గర జవాబుంది. ఎండ, ఖాళీ కడుపు, తప్పెట్ల మోత, ఒంటి మీద పొద్దుటి నుంచి వార్నీషు వాసన. మనిషికి తల తిరిగి ఒళ్లు తెలియకపోవడం వింతేం కాదు. మేకలంటారా, ఇంకేదో చూసి బెదిరి ఉంటాయి. ఇంటికి నడిచి వస్తూ ఇదంతా నేను హుసేన్ తాతకు గట్టిగా వాదించి చెప్పాను. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు.

ఇంటి వెనక కొట్టంలో రంగు కడగడానికి కూర్చున్నాం. పొద్దు ఇంకా ఉంది, వెలుతురు బాగా ఉంది. నేను తోలు పట్టీ విప్పాను. పొద్దున బిగించింది నేనే. ముడి మీద ముడి వేసి, చివర సూదితో కుట్టాను. ఆ కుట్టు ఉన్నది ఉన్నట్టే ఉంది, కత్తితో కోయాల్సి వచ్చింది.

పట్టీ కింద ఒళ్లు కనిపించలేదు. పసుపు ఉంది. పసుపు మీద చారలు ఉన్నాయి.

పై నుంచి వచ్చిన చార పట్టీ అంచు దగ్గర ఆగకుండా, పట్టీ చాటున అలాగే సాగి, కింది చారలో కలిసింది. ఒక్కటి కాదు, నడుము చుట్టూ ఉన్నవన్నీ అంతే. నేను మోకాళ్ల మీద కూర్చొని వేలితో ముట్టి చూశాను. రంగు ఆరిపోయి ఉంది. కారిన రంగేమో అనుకున్నాను. కారిన రంగుకు కొన ఉండదు. వీటి నుంచి చీలిన సన్న పాయలకు ఉంది. కుడివైపు లావుగా మొదలై ఎడమవైపు సన్నగా తేలిన కొన, ఎడమచేతివాటం కుంచె కొన. ఆ చుట్టుపక్కల అలా గీసేవాణ్ణి నేనొక్కణ్ణే. నా చేతిరాత నాకు తెలియదా?

నేను గీయలేదు. కుట్టిన పట్టీ కింద గీయడం ఎవరి వల్లా కాదు.

హుసేన్ తాత వంగి చూశాడు. "కడుగప్పా. వానికి చెప్పొద్దు" అని మాత్రం అన్నాడు. ఓబులేసు చెంబెడు నీళ్లు తాగి, తల వాల్చి కునుకు తీస్తున్నాడు. వాడికి ఇప్పటికీ తెలియదు. ఒళ్లంతా అరగంటలో వదిలిన రంగు ఆ నాలుగు వేళ్ల మేర మాత్రం దీపాలు పెట్టేవేళ దాకా వదల్లేదు.

ఇంట్లోకి పోయేసరికి మా అమ్మ అన్నం పెట్టి కూర్చుంది. వాడి తల నిమిరి, నా వైపు చూసింది.

"ఎట్ల తీసకపోయినావో అట్లే తెచ్చినావా?"

"తెచ్చినా మా" అన్నాను.

ఆ మరుసటి రోజు పొద్దున ఓబులేసు అంగడికి బయలుదేరాడు. వెనక సందుకు పోలేదు, వీధిలోంచే నడిచాడు. ఎర్రకుక్క లేచి, చెవులు వెనక్కి పెట్టి, గోడ వారగా పోయి నిలబడింది. వాడు అది గమనించనే లేదు. గడపలో నిలబడి నేనూ, మా అమ్మా చూశాం. ఆమె లోపలికి పోయి పని చూసుకుంది.

ఆ తర్వాత నేను ఎన్నో పులులకు రంగులు వేశాను. ప్రతి మెడ వెనకా బొటనవేలంత జాగా వదిలాను. ఎవరైనా వెక్కిరిస్తే, రంగు చాలలేదప్పా అని నేనే ముందు ఒప్పుకునేవాణ్ణి. కర్నూల్లో రాసే బోర్డుల్లో కూడా ఏదో ఒక మూల కొంచెం చోటు వదలడం అలవాటైపోయింది.

ఓబులేసు బాగానే ఉన్నాడు. సేద్యం చేశాడు, పెళ్లి చేసుకున్నాడు, ఇప్పుడు మనవలను ఎత్తుకొని తిరుగుతున్నాడు. అంత మెత్తని మనిషి మా వంశంలో లేడు. మా అమ్మ పోయేదాకా, వాడు అన్నానికి కూర్చుంటే ఏదో ఒక నెపం మీద వెనక్కి పోయి, వాడి మెడ వెనక బొటనవేలితో తడిమేది. అక్కడ ఏముందని చూసేదో నేను అడగలేదు. నేను పొరపాటున కూడా ఆమెకు ఆ సంగతి చెప్పలేదు.

ఇన్నేళ్లయింది. వాడిని చూసి ఏ కుక్కా మొరగలేదు. అది ఎందుకో, ఆ చారలు ఎవరు గీశారో నాకు తెలియదు. తెచ్చినా మా అని ఆ పొద్దు చెప్పిన మాట నిజమో అబద్ధమో కూడా తెలియదు.