టేపు చివర అక్క గొంతు

నా చిన్నప్పుడు జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో మా పక్కింట్లో ఒక కాకినాడ అక్క ఉండేది. అమెజాన్ నదుల్లో బతికే మనాటీలనే పెద్ద నీటి జంతువులను గుర్తుపట్టడం, వాటి అరుపులు రికార్డు చేయడం ఆవిడ పని. మనాటీ గేదె కన్నా పొడుగ్గా ఉంటుందట, అయినా ఆ బురదనీళ్ళలో ముక్కు తప్ప కనబడదు. ఎప్పుడో వెల్లకిలా తిరిగితే, పొట్ట మీది తెల్లమచ్చను బట్టి అది ఏ మనాటీయో చెప్పాలి. ఆ మచ్చ కోసం, ఆ అరుపుల కోసం అక్క నీళ్ళలోకి మైకు వదిలి, నెలల తరబడి పడవలో కూర్చుంది.

తిరిగొచ్చాక ఆవిడ ప్రొఫెసరు ఆ టేపులన్నీ తనవేనన్నాడు. పైగా అక్క ఉద్యోగం ఇక పొడిగించనన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "వెళ్ళి కడిగిపారెయ్యక్కా!" అన్నాను.

అక్క పకోడీలు వేయిస్తూ నవ్వింది. "ఆగవే. ఆయనకి దేన్నీ చివరిదాకా వినే ఓపిక లేదు."

ఆయన ఊళ్ళో ఉపన్యాసం పెట్టినప్పుడు అక్క నన్ను తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టింది. ఎందుకో చెప్పలేదు. టేపులో తల్లి మనాటీ కీచుమని పిలిచింది, పిల్ల పలికింది. జనం ఊపిరి బిగబట్టారు. ఆయన టేపు ఆపడం మరిచి, దోమల మధ్య తాను పడ్డ పాట్లు వర్ణించడం మొదలుపెట్టాడు. ఇంతలో టేపులోంచి తెలుగు వినబడింది!

రికార్డు చేసినవాళ్ళు మొదట్లోనూ చివర్లోనూ వివరాలు చెప్పడం ఆ పనిలో ఆనవాయితీ. మొదటి మాటలు ఆయన కోసేశాడు. చివర కూడా ఉన్నాయని ఆయనకు తెలియదు.

"ఎవరిదా గొంతు? ఏమంటోంది?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

అక్క లేచింది. "నాదే. నేను చెబితే నమ్మరు, ఈ పిల్లనడగండి."

టేపు వెనక్కి తిప్పించారు. నేను కుర్చీ ఎక్కి, గొంతు చించుకుని జర్మన్‌లో చెప్పాను. "తల్లి పొట్ట మీద మచ్చ గారెలా ఉంది. పడవలో నేనూ, పడవ నడిపే పెద్దాయనా ఉన్నాం. హెర్ ప్రొఫెసర్ దోమలకు జడిసి హోటల్లోనే ఉండిపోయారు." గారెకు జర్మన్ మాట దొరక్క చిల్లున్న రొట్టె అన్నాను. హాలంతా గొల్లున నవ్వింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ టేపులు అక్క పేరు మీదికే వచ్చాయి, ఉద్యోగమూ నిలిచింది.

పోనీ క్షమించెయ్యకూడదా అని నాకు నీతులు చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ పని ఇంకా ఎవరూ ఎత్తుకుపోలేదు, అందుకని చెబుతారు. నా పని ఎవడైనా తనదని చెప్పుకుంటే ఈనాటికీ నేను అరవను. మైకు వాడి చేతికే ఇచ్చి, వెళ్ళి ముందు వరుసలో కూర్చుంటాను.