గంజాయి లేహ్యం, నా ఉద్యోగం

చమురు డబ్బుతో దోహాలో రోజుకో కొత్త మేడ లేస్తున్న కాలంలో నేను మెసైమీర్ దగ్గర కూలీల క్యాంప్ క్లినిక్‌లో డాక్టర్‌ని. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. "ఏం తిన్నా, ఏం తాగినా నాకు చెప్పాలి. దాచావో, తోలు తీస్తా!" అని వచ్చినవాడినల్లా ముందే బెదిరించేదాన్ని.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఒకతనికి కడుపులో క్యాన్సర్. ఇంటికి పంపాలని కంపెనీకి రాశాను. ఈలోగా తిన్న ముద్ద తిన్నట్టే కక్కేసేవాడు. నా మందులేవీ పనిచేయలేదు. అలాంటివాడు ఒకరోజు నవ్వుతూ వచ్చాడు.

"మేడం, బువ్వ దిగుతున్నది! మా ఇంటామె గంజాయాకు లేహ్యం చేయించి, సెలవుకు పోయినోళ్ల చేత పంపింది."

ఊరెళ్ళి వచ్చే ప్రతివాడూ క్యాంప్ మొత్తానికి మూటలు మోసుకురావడం వాళ్ళ ఆనవాయితీ. ఇంకొకరి మూట విప్పి చూడటం తప్పు. ఊళ్ళో వైద్యుడిచ్చే మందు ఇక్కడ జైల్లో పెట్టిస్తుందని పంపినామెకూ తెలియదు, తెచ్చినవాడికీ తెలియదు. అక్కడే కూర్చున్న క్యాంప్ మేనేజర్‌కు మాత్రం గంజాయి అన్న మాట బాగా అర్థమైంది.

"మత్తుకు అలవాటు పడ్డాడని రాయండి. పోలీసులకు అప్పగిస్తాం," అన్నాడు.

ఒళ్ళు మండింది. నేను అడిగాననే కదా అతను చెప్పాడు! క్యాన్సర్ వాంతులకు ఇంటి మందు తిన్నాడనీ, దానివల్ల అన్నం ఇముడుతోందనీ రాసి సంతకం పెట్టాను.

మేనేజర్ ఫిర్యాదుతో కంపెనీ విచారణ కమిటీ నన్ను పిలిచింది.

"గంజాయి మేలు చేసిందని డాక్టర్ రాస్తుందా? ఆ మాట కొట్టేయండి, మీ ఉద్యోగం మీకుంటుంది."

కొట్టేస్తే అతను రోగి కాదు, మత్తుగాడు. ఎలాగూ చనిపోయేవాడు జైల్లో పోతాడు.

"చూసింది రాశాను. చచ్చినా కొట్టేయను," అన్నాను. తెచ్చిందెవరని అడిగారు. నేను ఎవరినీ అడగలేదు, నాకు తెలియదన్నాను.

చివరికి అతన్ని రోగిగానే విమానం ఎక్కించారు. నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు.

అల్ మన్సూరాలోని నా గదిలో, ఇండియా వెళ్ళిపోవడానికి సామాను సర్దుకుంటుంటే క్యాంప్ యూనిఫాం వేసుకున్న ఒకతను వచ్చాడు. చేతిలో గట్టిగా కుట్టిన మూట.

"ఆ లేహ్యం మోసుకొచ్చింది నేనే మేడం. ఇవి మా మేస్త్రీ అన్న బట్టలు, ఇక్కడే ఉండిపోయినయ్. జర ఆయన ఇంట్ల అందియ్యుండ్రి," అన్నాడు. మళ్ళీ తల దించుకుని, "విప్పి చూస్కోండ్రి," అన్నాడు.

"నోర్మూసుకుని ఇటివ్వు," అన్నాను.

విప్పకుండానే నా చీరల మధ్య పెట్టుకున్నాను.